ఆవిడ ఉన్న నది

సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్‌లో ఉండగా అరోరా అనే ఊరి నుంచి ఫోనొచ్చింది. బాబాయి గారి అమ్మాయి. ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యని పిల్ల. మీటింగ్ వదిలేసి తీశాను.

"అక్కా, నాన్న పోయారు. నిద్రలోనే" అంది. ఏడవాల్సిందంతా ముందే ఏడ్చేసిందేమో, గొంతు పొడిగా ఉంది. నేను ఏదో అనబోయేలోగా తనే మళ్ళీ అందుకుంది. "యాషెస్ తీసుకుని నేను అక్కడికి ఫ్లై చేసి వస్తా. అమ్మని ఎక్కడ కలిపారో అక్కడే నాన్నని కూడా కలపాలి. ఆయన విష్ అదే కదా. నువ్వు నన్ను డ్రైవ్ చేస్తావా? ఆ రూట్ నీకే బాగా తెలుసు."

"కాసేపాగి నేనే చేస్తాను తల్లీ" అని పెట్టేశాను. ఆ చోటు గురించి ఆయన నాతో అన్న మాట ఒకటుంది. అది ఈ పిల్లకి చెప్పాలంటే ముందు నన్ను నేను కూడదీసుకోవాలి.

ఆయన నాకు నిజంగా బాబాయి కారు. ఇక్కడ క్యారీ ఊళ్ళో మా పక్కిల్లు. మందుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఏ వారం చెత్తడబ్బా బయట పెట్టాలో, ఏ వారం రీసైక్లింగ్ డబ్బా పెట్టాలో వచ్చి చెప్పారు. మేం మర్చిపోయిన వారమల్లా మా డబ్బా తనే లాక్కొచ్చి రోడ్డు పక్కన పెట్టి, ఆ పైన తలుపు కొట్టి మరీ చివాట్లు పెట్టేవారు. అలా చివాట్లు పెట్టే మనిషిని అంకుల్ అని పిలవడానికి నోరు రాలేదు. బాబాయి గారు అయిపోయారు. పిన్ని గారిని నేను చూడలేదు. మేం రాకముందే ఆవిడ పోయింది.

మొదటిసారి ఆయన నదికి తయారై బయల్దేరడం చూసినప్పుడు నవ్వాపుకోలేకపోయాను. ఇస్త్రీ చేసిన ఫుల్ చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. దాని మీద చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు. నుదుట విభూతి, ఆ పైన టోపీ. "అలా చూస్తావేం? నదికెళ్తున్నాను" అన్నారు. ఫిషింగ్ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఫాల్గుణం రాగానే, ఇంకా చెట్లు చిగుళ్ళేనా వెయ్యకముందే, పడమటి కొండల్లోకి వెళ్ళి ట్రౌట్ చేపలకి గాలం వేసేవారు. ఆ నది పేరు మాత్రం ఇక్కడ రాయను. చేపలున్న చోటు ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. పోయారు కదా అని ఒట్టు తప్పలేను.

వింతేమిటంటే ఆయన శుద్ధ శాకాహారి. మా వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే మనిషికి ఈ వేటేమిటని వెనకాల అనేవాళ్ళు. ఎదురుగా అయితే వేళాకోళం. ఒకసారి మోరిస్‌విల్‌లో ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే, "ఏం సార్, అన్నన్ని చేపలు పడుతున్నారు, పులుసుకి పిలవరేం?" అన్నాడొకాయన. "పులుసు పెట్టే మనిషి లేదు కదండీ" అన్నారు బాబాయి గారు, ప్లేటులోకి పెరుగు వడ్డించుకుంటూ. అడిగినాయన తన ప్లేటు పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. ఆయన మాత్రం మామూలుగానే తిన్నారు.

ఆ చేపల పిచ్చి ఎలా పట్టుకుందో ఆయన చెప్పగా ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ నవ్వేదాన్ని. పిన్ని గారి అస్థికలు ఆ నదిలోనే కలిపారు. కొండల్లోకి కారులో షికారు వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఆ ఒడ్డునే ఆగుదామనేదట. మరుసటేడు తద్దినానికి అక్కడికే వెళ్ళాలని ఆయన పట్టుపట్టారు. గుళ్ళో పంతులు గారు అంత దూరం రానన్నారు. ఫోనులో మంత్రం చెబుతానన్నారు గానీ ఆ కొండల్లో సిగ్నలుంటేగా. గోత్రం, పేరూ చెప్పుకుని ఆయనే పిండాలు పెట్టుకున్నారు. వాటిని నీళ్ళలో వదులుతుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. చేపల చట్టాలు చూసే ఆఫీసరు.

"'సర్, ఈ నీళ్ళలో ఎర వెయ్యడం నిషేధం' అన్నాడు. 'ఎర కాదయ్యా, మా ఆవిడకి భోజనం' అన్నాను" అని చెప్పేవారు బాబాయి గారు. "'మీ ఆవిడ ఎక్కడ?' అన్నాడు. నీళ్ళు చూపించాను. పాపం, ఎవరో మునిగిపోయారనుకుని వాడు రేడియో తీశాడమ్మాయ్! బూట్లతో సహా దూకేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను."

అంతా విడమరిచి చెప్పాక ఆ ఆఫీసరు టోపీ తీశాడట. కానీ డ్యూటీ డ్యూటీయే కదా, ఓ ముద్ద చిదిమి లోపల గాలముందేమోనని చూశాడు. "పిండం అలా చిదమకూడదు. ఏం చేస్తాం, చూసుకోనిచ్చాను" అనేవారు. ఆ తర్వాత ఆ మనిషి కదలకుండా కార్యక్రమం అయ్యేదాకా నిలబడే ఉన్నాడట.

ఆ పై ఏడు మళ్ళీ ఎవరైనా అడిగితే చూపించడానికని ఈయన వెళ్ళి ఫిషింగ్ లైసెన్సు కొనుక్కొచ్చారు. తద్దినం పెట్టడానికి ఫిషింగ్ లైసెన్సు తీసుకున్న మనిషి ఈ భూప్రపంచంలో ఇంకొకరు ఉండరు. లైసెన్సుంటే అన్నం వెయ్యొచ్చని దాంట్లో ఎక్కడా లేదు. ఆ సంగతి ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. "తీసుకున్నాక వాడకుండా ఎలా పారేస్తాం?" అని ఈసారి గాలం కర్ర కొన్నారు. మధ్యతరగతి బుద్ధి ఆయన్ని చివరికి వేటగాణ్ణి చేసింది.

ఎర నిషేధం కాబట్టి ఈకలతో, దారాలతో దొంగ ఈగలు కట్టి గాలానికి తగిలించాలి. వంటింటి బల్ల మీద చిన్న బిగింపు పెట్టుకుని, కళ్ళద్దాల మీద భూతద్దం తగిలించుకుని ఆయనే కట్టేవారు. ఈగ నడుముకి తళుకు కోసం బజారులో ఏవో తీగలమ్ముతారు. ఈయన పిన్ని గారి పట్టుచీర అంచుల్లోంచి జరీ లాగి చుట్టేవారు. "కంచి జరీకి లొంగని చేప లేదు" అని గర్వంగా చూపించేవారు. అది చూసి మా ఆడవాళ్ళు కొందరు బాధపడ్డారు, అంత మంచి చీర ఈగల పాలు చేస్తున్నాడని. ఆ చీరని ఇంకెవరు కట్టుకుంటారని ఆలోచించింది నేనొక్కదాన్నే అనుకుంటాను.

తర్వాత ఆయన కళ్ళు పోవడం మొదలైంది. అదొక రకం జబ్బు. ఎదురుగా ఉన్నది కనబడదు, అంచుల్లో ఉన్నది కనబడుతుంది. "నిన్ను చూడాలంటే నీ పక్కకి చూడాలమ్మాయ్" అని నాతో మాట్లాడుతూ మా గరాజ్ తలుపు వైపు చూసేవారు. డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకున్నారు. అమ్మాయి అరోరాకి వచ్చెయ్యమని పోరింది. ఆయన ససేమిరా అన్నారు. అక్కడ కొండల్లేవు, నది దగ్గర ఆవిడ తిథికి ఎవరుంటారని అడిగారు. ఓ రోజు పంచాంగం పట్టుకుని మా డ్రైవ్‌వేలో నిలబడ్డారు.

"ఫాల్గుణ బహుళ తదియ గురువారం వచ్చిందమ్మాయ్. నీకు ఆఫీసు ఉంటుంది కదూ?" అన్నారు.

అడగడానికి ఆయన ఎంత మథనపడి ఉంటారో. నేను లీవు పెట్టాను. ఆ ఏడు నుంచి ప్రతి ఫాల్గుణంలోనూ పెట్టాను.

తెల్లవారకముందే తలస్నానం చేసి, అన్నం వండి, ఆ ఇత్తడి గిన్నెకి తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. కొండలు వచ్చేదాకా గిన్నె కింద పెట్టేవారు కాదు. దారంతా నాకు డ్రైవింగ్ పాఠాలే. "బ్రేకు మెల్లిగా. ఆవిడ అన్నం." వెనక వచ్చే ట్రక్కువాడు హారన్ కొడితే, "కొట్టుకోనీ, వాడికి తద్దినాలుండవు" అనేవారు.

నది దగ్గర మనిషి మారిపోయేవారు. మంచు ఒడ్డున అక్కడక్కడా మిగిలి ఉండేది. రోడోడెండ్రాన్ పొదల ఆకులు చలికి ముడుచుకుని చుట్టల్లా వేలాడుతుండేవి. నీళ్ళలో చెయ్యి పెడితే ఎముక దాకా నొప్పి. మధ్యలో వెడల్పాటి బండ ఒకటుండేది. దానికి ఆయన పీట అని పేరు పెట్టుకున్నారు. పిన్ని గారిని కలిపింది ఆ పీట కింది మడుగులోనే. నా భుజం పట్టుకుని, ఒక కాలు గట్టిగా ఆనాకే రెండో కాలు కదిలిస్తూ ఆ పీట దాకా వెళ్ళేవారు. గోత్రమూ పేరూ చెప్పి, అన్నం వదిలి, చేతులు కడుక్కుని, అప్పుడు గాలం కర్ర అడిగేవారు. చలికి కర్ర కొసన దారం వెళ్ళే రింగుల్లో మంచు గడ్డకట్టేది. ఎంగిలంటే అంత పట్టింపున్న మనిషి ఆ కొసని నోట్లో పెట్టుకుని మంచు కరిగించేవారు. నేను నవ్వితే, "నదికి ఎంగిలి లేదు" అనేవారు.

చేప పడితే ఆయన చేసే పని ఇంకెవరూ చేయగా చూడలేదు. దాన్ని పైకెత్తేవారు కాదు. నీళ్ళలోనే తడిచేత్తో పొట్ట కింద పట్టుకుని, వంగి, మెల్లిగా "చూశావా? ఎంత బాగుందో చూడు" అనేవారు. చేప తనంతట తాను తోక ఆడించి జారిపోయేదాకా పట్టుకునేవారు. మొదట్లో నాతోనే అంటున్నారనుకుని, "చూశాను బాబాయి గారూ, చాలా బాగుంది" అన్నాను. ఆయన నా పక్కకి చూసి నవ్వి ఊరుకున్నారు.

తిరుగు ప్రయాణంలో చెప్పారు. పిన్ని గారిది గోదావరి పక్క. చేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టింది. ఇద్దరూ ఇష్టపడి, పెద్దవాళ్ళని ఎదిరించి పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఇంట్లో చేప వండలేదు.

"నేను వద్దనలేదమ్మాయ్. వద్దనే అవసరమే రాలేదు. తనే మానేసింది" అన్నారు. మళ్ళీ తనే, "వండుకో అని కూడా నేననలేదు. ఒక్కసారి కూడా. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు తినొచ్చి, గుమ్మంలో అడుగు పెట్టకముందే నోరు పుక్కిలించేది. అది చూసి కూడా అనలేదు. ఏం పోయేది నాకు?" అన్నారు.

 అయినవాళ్ళందర్నీ ఎదిరించగలిగిన మనిషి ఒక చేపల కూర దగ్గర ఎలా ఆగిపోయారో ఆయనకే అర్థం కాలేదు. అప్పట్నుంచి ఆయన నీళ్ళతో "చూశావా" అన్నప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

ఆ తర్వాత వరదొచ్చింది. ఆ సెప్టెంబరులో ఆ కొండల్ని ముంచేసిన వరద సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఊళ్ళు పోయాయి, రోడ్లు పోయాయి, మనుషులు పోయారు. క్యారీలో మాకు వాన తప్ప ఏమీ కాలేదు. బాబాయి గారికి టీవీలో బొమ్మ సరిగ్గా కనబడదు, దగ్గర కూర్చుని వినేవారు. రోజూ పొద్దున్నే కంచె దగ్గరికొచ్చి, "రోడ్డు తెరిచారా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమే తెల్లవారుతున్నట్టుండేది ఆయనకి. చలికాలం పొడుగునా నేను ఫోనులో చూసి, ఇంకా లేదని చెబుతూనే ఉన్నాను. ఫాల్గుణం దగ్గరపడే సరికి ఒక వైపు తెరిచారు. ఎప్పటిలాగే గిన్నె ఒళ్ళో పెట్టుకుని బయల్దేరారు. ఆ రోజు బ్రేకు గురించి ఒక్క మాటా అనలేదు.

దారిలో మలుపు మలుపుకీ వరద గుర్తులే. చెట్లు వేళ్ళతో సహా వంతెనలకి అడ్డం పడి ఉన్నాయి. ఒక ఇల్లు సగమే ఉంది, ఆ సగంలో కర్టెన్లు ఇంకా వేలాడుతున్నాయి. కొమ్మల్లో ఎవరివో బట్టలు. నది ఒడ్డుకి చేరాం. కారు ఆపి ఆయన్ని దింపాను. రెండడుగులు వేసి ఆగిపోయారు. తల పక్కకి వంచి విన్నారు.

"చప్పుడు మారిందమ్మాయ్."

"అవును బాబాయి గారూ."

"పీట?"

"లేదండీ. కొట్టుకుపోయింది. మడుగు కూడా లేదు. అంతా రాళ్ళతో పూడిపోయింది. నది అవతలి ఒడ్డు వైపుకి జరిగిపోయింది."

అబద్ధం చెప్పాలని నాకు తోచలేదు. చెప్పినా ఆ చెవులు నమ్మేవి కావు. ఆయన గిన్నెని ఇంకా గట్టిగా పొట్టకి అదుముకున్నారు. "అయితే ఎక్కడ పెట్టాలి?" అన్నారు. చంటిపిల్లాడు దారి తప్పి అడిగినట్టు అడిగారు. "ఎక్కడ పెడితే ఆవిడకి అందుతుంది?"

 పెద్ద శాస్త్రం తెలిసినదానిలా ఎక్కడ పెట్టినా అందుతుందని అనొచ్చు. ఆయనకి అది తెలియకా? బూడిద ఆ పీట కింద కూర్చుని ఉండదని, ఆ రోజే కదిలి వెళ్ళిపోయి ఉంటుందని జీవితమంతా కెమిస్ట్రీ చేసిన మనిషికి నేను చెప్పాలా? అయినా ఆయనకి అది ఆవిడ చోటు. ఇన్నేళ్ళూ ఆవిడ అక్కడే ఉంది.

ఒక దుంగ మీద కూర్చోబెట్టాను. ఉన్నట్టుండి భోరుమన్నారు. ఇస్త్రీ చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటూ, "మనుషుల ఇళ్ళు పోయాయి. పిల్లలు పోయారు. నేనేమిటమ్మాయ్, సిగ్గులేకుండా ఒక రాయి కోసం ఏడుస్తున్నాను" అన్నారు. అంటూనే ఏడ్చారు. నేనూ ఆపుకోలేకపోయాను. రోడ్డు పని చేస్తున్న ఒకతను మమ్మల్ని చూసి మెషిన్ ఆపేశాడు. మేం కూడా ఇల్లు పోయినవాళ్ళమే అనుకుని ఉంటాడు.

చివరికి కొత్త రాళ్ళ మీద తడబడుతూ నీళ్ళ దాకా వెళ్ళాం. గోత్రం చెప్పారు, పేరు చెప్పారు. అన్నం వదిలారు. నీళ్ళు దాన్ని ఎటు తీసుకెళ్ళాయో ఆయనకి కనబడలేదు, నాకూ సరిగ్గా కనబడలేదు. గాలం కర్ర సంచీలోంచి తియ్యనేలేదు. పైనున్న వాగుల్లో చేపలు బతికే ఉంటాయట, వెళ్దామా అన్నాను. "ఇవాళ వద్దు. చూపించడానికి ఎక్కడుందో తెలియదు కదా" అన్నారు.

తిరిగొస్తూ కొండలు దిగిపోయాం. "అరోరాకి వెళ్ళిపోతానమ్మాయ్" అన్నారు. నేను ఊహించిందే. "ఇంకో మాట. నేను పోయాక నన్ను ఇక్కడికి తేవద్దని మా అమ్మాయికి చెప్పు. నేను చెబితే పోట్లాడుతుంది. దాని ఇంటి దగ్గర ఫాక్స్ రివర్ ఉంది, అందులో కలపమను."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడూ పిన్ని గారి దగ్గరికే అనేవారు కదండీ?" అన్నాను.

"అనేవాణ్ణి." కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి చూస్తున్నారో, అంచులోంచి నన్నే చూస్తున్నారో తెలియలేదు. "ఇక్కడైతే అది ఏడాదికోసారి విమానం ఎక్కాలి, కారు అద్దెకి తీసుకోవాలి, ఈ కొండలెక్కాలి. కొన్నేళ్ళు వస్తుంది. తర్వాత పిల్లలు, ఉద్యోగం. రాలేకపోతుంది. రాలేకపోయానే అని కుమిలిపోతుంది. నా కూతురు నాకు తెలుసు. దానికి ఏడవాలనిపించినప్పుడు నడిచి వెళ్ళేంత దగ్గర్లో చోటుండాలి. నాకు కారు ప్రయాణమైనా అలాంటి చోటు ఒకటుండేది. ఆ సుఖం నాకు తెలుసు."

ఆ వేసవిలో ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయారు. అరోరా నుంచి ఫోను చేసినప్పుడల్లా మా చెత్తడబ్బా గురించే అడిగేవారు. నది మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ సోమవారం సాయంత్రం అయ్యాక ఆ అమ్మాయికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. 

"నాకు ఎందుకు చెప్పలేదు ఆయన?" అంది కోపంగా. "నేను వచ్చేదాన్ని. ప్రతి ఇయర్ వచ్చేదాన్ని అక్కా."

"వచ్చేదానివే తల్లీ. అందుకే వద్దన్నారు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత చిన్నపిల్ల గొంతుతో అడిగింది.

"మరి అమ్మ? అమ్మ అక్కడ ఒక్కతే అయిపోతుంది కదా?"

పొద్దుట్నుంచి నేను తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అదే.

"ఆయనకి తెలుసమ్మా" అన్నాను. "తెలిసే అన్నారు."

ఆ తర్వాత ఇద్దరం ఫోను పెట్టెయ్యకుండా చాలాసేపు ఏడ్చాం.